మోచెయ్యి కత్తిరించొద్దు

ఏప్రిల్ 9

అత్తా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి కలం ఆపాను. ఈ రోజుల్లో ఆ మాటకి పూచీ ఎవరిస్తారు? ఈ పూటకి నేను కుశలం. నువ్వూ, నడుం విరిగి మంచం మీదున్న పెద్దత్తా కూడా అంతేనని అనుకుంటున్నాను. మీ కొండ మీద ఫోను పలకదు. మందుల వ్యాను అతను వారానికి రెండుసార్లు టపా కూడా మోసుకొస్తున్నాడు కాబట్టి మనిద్దరం పాతకాలం మనుషులమైపోయాం. నాకిదే నచ్చింది. ఫోనులో అయితే నువ్వు "తిన్నావా" అని అడిగి పెట్టేస్తావు.

రెండు వారాలు షాపు చూసుకుంటే చాలన్నావు. వచ్చి నెల దాటింది. జబ్బు భయంతో దారులు మూసేశారు. నన్ను ఉద్యోగంలో చేర్చుకుంటామన్నవాళ్ళు ఇప్పుడు "తర్వాత చూద్దాం" అంటున్నారు. నేనేమో నీ పటాల షాపులో అద్దాల మధ్య తిరుగుతున్నాను. షట్టరు సగం దించి, కింద నుంచి ఇచ్చిపుచ్చుకోవచ్చన్నారు. మనుషుల మొహాలు కనబడవు, మోకాళ్ళు కనబడతాయి. ఈ వీధిలో ఎవరి మోకాళ్ళు ఎవరివో నేనిప్పుడు చెప్పగలను.

నీ మంగళవారం వ్యాపారుల సంఘానికి నీ బదులు నేనే వెళ్తున్నాను. వెళ్ళడమంటే ఫోను చెవికి పెట్టుకోవడమే. హోటలు మేడమీద కాఫీ తాగుతూ మీరంతా చేసుకునే సందడి ఇప్పుడు గరగర శబ్దమైపోయింది. పద్ధతి మాత్రం మారలేదు. ఒక వృత్తికి ఒకే కుర్చీ, ఒక్కొక్కరికి ఒక్క నిమిషం. వ్యాపారం ఎలా ఉంది, ఎవరికి గిరాకీ పంపాం, అంతే. ఎవరికైనా బాగుంటే అందరూ చప్పట్లు. మీ అధ్యక్షుడు, అదే కుర్చీలు చేసే ఆయన, ప్రపంచం తలకిందులైనా ఈ వరస తప్పనివ్వడు.

మొన్న నా వంతు వచ్చింది. మాకు గిరాకీ రెట్టింపయిందన్నాను. ఫోనులోంచి చప్పట్లు. అంతలో బేకరీ ఆవిడ ఆపేసింది, తర్వాత బీమా బాబు. చివరికి ఒక్కరివే మిగిలి, అవీ ఆగాయి. ఇప్పుడు పటాలు కట్టించుకుంటున్నది ఎవరికోసమో ఒక్కొక్కరికీ తట్టింది. నాకు ఫోనులోకే దూరిపోవాలనిపించింది. కుర్చీలాయన దగ్గి, "అమ్మాయి ఉన్నమాటే చెప్పింది. తర్వాతివాళ్ళు" అన్నాడు.

వచ్చేవారం ఏం చెప్పను?

నీ కాలుకాలిన పిల్లి

*

ఏప్రిల్ 16

పిల్లీ,

నిన్ను తిట్టాలని కూర్చున్నాను గానీ, ఆ చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోవడం ఊహించుకుని తిట్టలేకపోయాను. తప్పు నాదే. నీకు అద్దం కొయ్యడం నేర్పాను, నోరు కట్టుకోవడం నేర్పలేదు. వచ్చేవారం "పని నడుస్తోంది" అను చాలు.

ఇంకో రెండు ముక్కలు చెబుతాను, చెవిన వేసుకో. ఈ రోజుల్లో ఫొటో తెచ్చినవాళ్ళని ఏమీ అడక్కు. ఎవరు, ఎలా, ఎప్పుడు, ఏదీ వద్దు. వాళ్ళు ఇంటినుంచి మన షాపుదాకా ఆ జవాబు మోసుకొచ్చి అలిసిపోయి ఉంటారు. సైజు అడుగు, ఎప్పటికి కావాలో అడుగు. అంచుకి నల్ల బీడింగు వెయ్యి. ఒంటరిగా ఫొటో దిగినవాళ్ళు ఈ లోకంలో తక్కువ, అందరూ ఏ గుంపులోంచో తీసుకొస్తారు. పక్కవాళ్ళ భుజాలూ చేతులూ కత్తిరించేసి మనిషిని మధ్యకి తే. ఒకరి పటంలో ఇంకొకరి చెయ్యి ఉండకూడదు.

అక్క బాగానే ఉంది. నడుం విరిగినా నోరు విరగలేదు. నేను గంజి చేస్తే ఉప్పు ఎక్కువంటుంది, ఉప్పు తగ్గిస్తే ప్రేమ తగ్గిందంటుంది.

బేకరీ ఆవిడ పొయ్యి వెలిగిస్తోందా? బీమా బాబు ఇంకా అందర్నీ భయపెడుతున్నాడా? అన్నట్టు అధ్యక్షులవారి దగ్గు ఎప్పటినుంచి? ఊరికే అడుగుతున్నాను. ఆయనకి చెక్కపొట్టు పడదు. ఉప్పుకాగితం రుద్దేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమని చెప్పు. నేను చెప్పానని కాదు, నీకే తోచినట్టు చెప్పు.

నీ అత్త

దగ్గు పొడిదా, తడిదా? అది కూడా రాయి.

*

ఏప్రిల్ 23

అత్తా,

దగ్గు పొడిదట. బేకరీ ఆవిడని అడిగి కనుక్కున్నాను. సంఘం మొత్తంలో నువ్వు ఆరా తీసింది ఈ ఒక్క దగ్గు గురించే. వ్యాపారానికి ఇంత ముందుచూపు ఉండాలన్నమాట.

నేను మాత్రం ఆయన మీద ఒక కన్నేసి ఉంచాను. ప్రతి మంగళవారం అందరి వంతులూ అయ్యాక, "మీ అత్తగారు ఎప్పుడొస్తారమ్మా" అంటాడు. మొదటిసారి మర్యాద అనుకున్నాను, రెండోసారి మతిమరుపు అనుకున్నాను. మూడోసారికి నాకు అసలు సంగతి వెలిగింది. మూడు నెలలు మనిషి రాకపోతే ఆ కుర్చీ ఇంకొకళ్ళకి ఇచ్చేయొచ్చని సంఘం నియమం ఉందట కదా. వీధి మలుపులో కొత్తగా పటాల షాపు పెట్టినతను సంఘంలో చేరతానని తిరుగుతున్నాడట. ఇది బీమా బాబు నా చెవిలో వేశాడు.

నేను ఊరుకుంటానా? మొన్న ఆయన మళ్ళీ అడగ్గానే, అందరూ వింటూ ఉండగా అనేశాను: "కుర్చీలు చేసేవాళ్ళకి కుర్చీలు లాక్కోవడం కూడా వచ్చా అండీ?"

ఆయన కాసేపు దగ్గాడు.

"రాదమ్మా," అన్నాడు. "ఖాళీగా ఉంచడం మాత్రం వచ్చు."

ఆ మాటలో ఏదో మెలిక ఉంది, నాకు అంతుపట్టలేదు. నీ కుర్చీకి నేను కాపలా ఉన్నాను, నిశ్చింతగా ఉండు.

షాపులో నల్ల బీడింగు అయిపోవస్తోంది. నువ్వు చెప్పినట్టే ఎవర్నీ ఏమీ అడగడం లేదు. కత్తిరించిన భుజాలూ చేతులూ ఒక అట్టపెట్టెలో పడేస్తున్నాను. పారెయ్యబుద్ధి కావడం లేదు. అందులో బతికున్నవాళ్ళంతా ఉన్నారు.

నీ పిల్లి

*

ఏప్రిల్ 30

పిల్లీ,

ఆ మాట ఎందుకన్నావే.

ఈ ముక్క రాసి, కాగితం పక్కన పెట్టి, బయటికెళ్ళి నడిచొచ్చాను. నీకు చదువుంది, చురుకుంది, ఎదుటివాడి మోకాలు చూసి మనిషిని పోల్చే కళ్ళున్నాయి. గొంతు విని మనిషిని పోల్చడం మాత్రం రాలేదు. ఆయన అడిగేది కుర్చీ గురించి కాదు. దేని గురించో నీకనవసరం. ఆ నియమం పెట్టిందీ ఆయనే, దాన్ని ఎవరిమీదా ఎప్పుడూ వాడనిదీ ఆయనే. బీమా బాబు మాట పట్టుకుని పెద్దవాళ్ళతో అలా మాట్లాడతారా?

వెంటనే క్షమాపణ చెప్పు. అందరి ముందూ అన్నావు కాబట్టి అందరి ముందే చెప్పు. మళ్ళీ అడిగితే, అక్క లేచి నడవగానే వచ్చేస్తుందని చెప్పు. వద్దు, అలా చెబితే ఎదురుచూస్తారు. "తెలియదండీ" అను. అదీ వద్దు. సరే, నీకు తోచింది చెప్పు, కానీ మెత్తగా చెప్పు.

నన్ను ఇంకేమీ అడక్కు. అక్క ఇప్పటికే నా మొహంలోకి గుచ్చి గుచ్చి చూస్తోంది.

నీ అత్త

*

మే 8

అత్తా,

ఈ ఉత్తరం ఎలా రాయాలో తెలియడం లేదు. క్షమాపణ చెప్పలేకపోయాను. నీ ఉత్తరం వచ్చిన మంగళవారం ఆయన ఫోనులోకి రాలేదు. దగ్గు ముదిరితే ఆసుపత్రిలో చేర్చారని బేకరీ ఆవిడ చెప్పింది. ఆయన నంబరు మోగి మోగి ఆగిపోతోంది.

నిన్న మధ్యాహ్నం వాళ్ళ అమ్మాయి వచ్చింది. షట్టరు కింద కొత్త మోకాళ్ళు కనబడితే వంగి చూశాను. మొహానికి గుడ్డ, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఒక కవరు లోపలికి జరిపి, "నాన్న ఫొటో, పెద్ద సైజు, వచ్చే శుక్రవారానికి కావాలి" అంది. నేనేమీ అడగలేదు. నువ్వు అడగొద్దన్నావు. అడగడానికి ఏముంది కూడా? ఆ అమ్మాయి వెంటనే వెళ్ళిపోయింది.

అత్తా, కుర్చీలాయన లేరు.

ఫొటో చాలా బాగుంది. మీ మేడమీద కాఫీ దగ్గర తీసింది. పక్కకి తిరిగి ఎవరో అన్న మాటకి కళ్ళు మూసుకుపోయేలా నవ్వుతున్నాడు. ఆ మనిషి అలా నవ్వగలడని నాకు తెలియదు, నేను విన్నది దగ్గే. ఫొటో అంచున ఎవరిదో ఆడమనిషి మోచెయ్యి, కాఫీ కప్పు ఎత్తుతూ. కత్తిరిద్దామని గీత గీశాక కవరు మీద రాసింది చూశాను. "ఏదీ కత్తిరించొద్దు" అని రాసి ఉంది. పాపం ఆ అమ్మాయికి ఈ పని సంగతి తెలియదు. ఏం చెయ్యమంటావు? నల్ల బీడింగు మాత్రం కోసి ఉంచాను.

ఆయనతో నేనన్న చివరిమాట అదే. నువ్వు నడిచొచ్చినట్టు నేనూ నడిచొద్దామంటే ఈ వీధి దాటనివ్వరు.

నీ పిల్లి

*

మే 11

అమ్మా,

నల్ల బీడింగు వద్దు. మెట్ల కింద టేకు ముక్కలున్నాయి, అవి తియ్యి. మోచెయ్యి కత్తిరించొద్దు. అది నాది.

ఎవరికైనా చెప్పాలి. చెప్పడానికి ఇంకెవరూ లేరు కాబట్టి నీకు చెబుతున్నాను. ఆ ఫొటో తీసిన రోజు బీమా బాబు గురించి నేనేదో అన్నాను, ఆయన నవ్వారు. మెట్లు దిగేటప్పుడు ఆగి అడిగారు. అది రెండోసారి. మొదటిసారి అడిగినప్పుడు మీ తాతయ్య మంచంలో ఉన్నారు, "చూద్దాం" అన్నాను. రెండోసారి, తల్లిలేని పిల్ల కదా, ముందు మీ అమ్మాయిని స్థిరపడనివ్వండి, "చూద్దాం" అన్నాను. ఆ తర్వాత ఆయన నోరు తెరిచి అడగలేదు. కుర్చీలు కొన్న ప్రతివాళ్ళతోనూ "కూర్చున్నాక ఎదురుగా చూసుకోవడానికి గోడమీద ఏదో ఒకటి ఉండాలి కదండీ" అని చెప్పి నా షాపుకి పంపేవారు. నా దగ్గరికి వచ్చినవాళ్ళని నేను ఆయన దగ్గరికి పంపేదాన్ని. ఇన్నేళ్ళూ మేం ఒకరికొకరం మనుషుల్నే పంపుకున్నాం. అది చాలనుకున్నాను. మనం వెళ్ళాల్సిన చోటికి గిరాకీని పంపితే సరిపోతుందా పిల్లీ?

అక్క కాళ్ళకి నూనె రాస్తూ ఏడుస్తుంటే, "నొప్పి నాదైతే ఏడుపు నీదేమిటే" అంది. చెప్పలేదు. చెప్పుకోవడానికి నేనెవర్ని? భార్యని కాను, బంధువుని కాను. సంఘంలో ఒక కుర్చీని.

ఇక్కణ్ణించి నేను రాలేను, చివరిచూపు లేదు. నువ్వు చెయ్యి నా బదులు. టేకు కోసేటప్పుడు తొందరపడకు. మూలలు కలిపాక మేకు వెయ్యకముందు ఒకసారి వేలితో తడుము. అతుకు కుదిరిందో లేదో కంటికన్నా వేలికే ముందు తెలుస్తుంది. అద్దం లోపలివైపు కూడా తుడువు.

ఆ అమ్మాయిని మాత్రం పలకరించు. నేను అడగొద్దన్నది మిగతావాళ్ళని.

అత్త

*

మే 12

అత్తా, అత్తా, అత్తా,

ముందు కూర్చో. కూర్చున్నాకే చదువు. ఆయన ఉన్నారు. బతికే ఉన్నారు. నేనొక గాడిదని, ఆ సంగతి ఇప్పుడు ఈ వీధి మొత్తానికి తెలుసు.

ఇవాళ మంగళవారం కదా, బేకరీ ఆవిడ సభ నడిపింది. నా వంతు రాగానే, అధ్యక్షులవారు మనకిక లేరని చెప్పాను. పటం నా దగ్గరే తయారవుతోందన్నాను. ఇంకెవరైనా చెప్పి ఉంటే ఎలా తెలుసని అడిగేవారేమో. పటాల షాపు చెబితే ఈ రోజుల్లో ఎవరడుగుతారు? బేకరీ ఆవిడ బావురుమంది. మౌనం పాటించాం. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఆయన గురించి ఒక నిమిషం మాట్లాడారు, నీ సంఘం పద్ధతి ఎక్కడికి పోతుంది? బేకరీ ఆవిడ తన మొదటి బల్ల ఆయన ఊరికే చేసిపెట్టాడంది. బీమా బాబు, ఆయన కుర్చీకి ఒక కాలు పొట్టి అని వీధంతా ప్రచారం చేసింది తనేనని ఒప్పేసుకున్నాడు. నేను క్షమాపణ చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని, మా అత్త కుర్చీ ఆయన పెట్టిన భిక్ష అని, ఏడుస్తూ ఏదేదో అన్నాను.

అప్పుడు ఫోనులో ఎవరో దగ్గారు.

అందరం ఆ దగ్గుని పోల్చుకున్నాం. పలికే ఓపిక లేకపోయినా విందామని ఆసుపత్రి మంచం మీంచి మొదటినుంచీ ఫోనులోనే ఉన్నారట.

"నేనింకా బయల్దేరలేదమ్మా," అన్నారు. మళ్ళీ దగ్గి, "కాలు పొట్టి కాదు బాబూ, మీ నేల వంకర" అన్నారు.

ఎవరు నవ్వారో ఎవరు ఏడ్చారో చెప్పలేను, ఫోనులో రెండూ ఒకలాగే వినబడతాయి.

సాయంత్రం వాళ్ళమ్మాయి వచ్చింది. ఈసారి అన్నీ అడిగాను. కళ్ళు వాచింది ఆసుపత్రి గేటు దగ్గర నిద్రలేక. శుక్రవారం ఇంటికి పంపిస్తారట, వీధివైపు గదిలో ఒంటరిగా ఉండాలట. ఆ గది గోడకి ఈ ఫొటో కావాలని ఆయనే అడిగారట. నాకు ఆశ్చర్యమేసింది. ఎవరైనా తన ఫొటో తనే ఎదురుగా పెట్టుకుని చూసుకుంటారా అన్నాను.

"నాన్న చూసేది నాన్నని కాదు," అంది ఆ అమ్మాయి. అని నా మొహంలోకి అలా చూస్తూ నిలబడింది.

షాపులోకొచ్చి ఫొటో మళ్ళీ తీశాను. ఆ చేతికి వాచీ ముఖం లోపలివైపుకి తిప్పి ఉంది. అద్దం కోసేటప్పుడు గీతలు పడకుండా అలా పెట్టుకునే మనిషి నాకు తెలిసి ఒక్కరే.

నేను నీ ఉత్తరాలన్నీ మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాను. దగ్గు పొడిదా, తడిదా. నా కళ్ళు చురుకైనవని ఇంకెప్పుడూ అనకు.

ఈ ఉత్తరం గురువారం వ్యానుకే అందుతుంది. అప్పటిదాకా నువ్వు ఏమనుకుంటూ ఉంటావో తలుచుకుంటే నాకు చెమటలు పడుతున్నాయి.

నీ గాడిద

*

మే 13

అత్తా,

నీ పదకొండో తేదీ ఉత్తరం అందింది.

ఒక్కసారే చదివాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పను. నువ్వు ఇన్నేళ్ళు దాచుకున్నది నా తొందరపాటు వల్ల బయటికి వచ్చింది. పోయిన మనిషి గురించి రాసుకున్న మాటలవి. మనిషి పోలేదు కాబట్టి అవి నేను చదవనట్టే అనుకోమంటావా? అనుకుంటాను. నువ్వు వచ్చాక నీ మొహం చూసి పళ్ళికిలించకుండా ఉండటం కష్టమే, అయినా ప్రయత్నిస్తాను.

టేకుతోనే కట్టాను. మూలలు వేలితో తడిమాను. మొదటిసారి కుదరలేదు, విప్పి మళ్ళీ కోశాను.

ఆ ఉద్యోగం వాళ్ళు వచ్చే నెల చేరమని కబురు పంపారు. చిత్రంగా ఉంది, నాకు ఎగిరి గంతెయ్యాలనిపించలేదు. వెళ్తాను, కానీ నిన్ను చూశాకే.

మంగళవారం ఆయన మళ్ళీ అడుగుతారు, ఎప్పుడొస్తారని. ఏం చెప్పను? ఈసారి నాకు తోచింది చెప్పమనకు.

పిల్లి

*

మే 14

పిల్లీ,

నీ రెండు ఉత్తరాలూ ఒకే వ్యానులో వచ్చాయి. ఖర్మకొద్దీ రెండోది ముందు విప్పాను. "మనిషి పోలేదు కాబట్టి" అన్న చోట ఆగిపోయాను. ముందుకీ వెళ్ళలేదు, వెనక్కీ రాలేదు. వ్యాను అతను నా మొహం చూసి, "ఎవరైనా పోయారా అమ్మా" అన్నాడు. "లేదు నాయనా, పోలేదు" అన్నాను. మళ్ళీ మళ్ళీ అదే అన్నానట. అతను పాపం మంచినీళ్ళు ఇచ్చాడు.

నీ వీపు విమానం మోత మోగిస్తాను. అది నేనొచ్చాక చేసే మొదటి పని. నాలుగు రోజులు నేను అన్నం ముద్ద మింగలేదు. మింగానని అక్క ముందు నటించాను. ఆ నాలుగు రోజులూ ఎవరు తిరిగిస్తారే? అడగొద్దని చెప్పింది నేనే, కాబట్టి సగం దెబ్బలు నాకు నేనే వేసుకోవాలి.

ఇవాళ అక్కకి చెప్పాను. చేతికర్ర పట్టుకుని గది దాకా నడుస్తోంది ఇప్పుడు. మొత్తం విని, "ఆ మాట బయటికి రావడానికి నా నడుం విరగాల్సి వచ్చిందా? ముందే తెలిస్తే అప్పుడే విరగ్గొట్టుకునేదాన్ని" అంది. పక్కింటావిడ పగలంతా తోడుంటానంది. నన్ను పంపించేదాకా అక్క నా చేతి గంజి తాగనని భీష్మించుకుంది. ఉప్పు సరిపోయిన రోజే ఈ పంతం.

సోమవారం వ్యానులో వస్తున్నాను. దారిలో ఆపితే మందుల పెట్టెలు లెక్క చూసే మనిషినని చెబుతాడట అతను. ఊళ్ళోకి వచ్చాక ఎన్నాళ్ళు ఎవర్నీ తాకకూడదంటే అన్నాళ్ళూ తాకను. ఆయన గది వీధివైపే అన్నావు కదా. వీధిలో నిలబడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మంగళవారం సభలో ఆయన అడగరు, ఎందుకంటే అప్పటికి నేను వచ్చేసి ఉంటాను. నేను వస్తున్నట్టు మాత్రం చెప్పకు. నువ్వు ముందే చెప్పేస్తే ఆయన ఏదో ఒకటి సిద్ధం చేసుకుంటారు. నాకు సిద్ధం చేసుకున్న జవాబు వద్దు.

ఏం మాట్లాడాలో నాకూ తెలియదు. దారంతా కూర్చి పెట్టుకుందామనుకున్నాను గానీ, కిటికీ దగ్గర నిలబడగానే టేకు ధర గురించి మాట్లాడతానని నాకు నా సంగతి తెలుసు. అది అయ్యాక అడుగుతాను. రెండుసార్లు ఆయన అడిగారు, రెండుసార్లూ నేను "చూద్దాం" అన్నాను. ఈసారి అడగాల్సింది నేను. ఆయన కూడా "చూద్దాం" అంటారేమోనని భయంగా ఉంది పిల్లీ. నేను ఆయన్ని ఎక్కడ నిలబెట్టి వదిలేశానో ఇప్పుడు తెలుస్తోంది.

అయినా వస్తున్నాను. షట్టరు పూర్తిగా ఎత్తి ఉంచు.

అత్త